గోదావరి డెల్టాలో కొత్త ఇల్లు: జియోథర్మల్ హీట్ పంపా, మంచి ఏసీయా?

అమలాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు చుట్టుపక్కల కొత్త ఇల్లు కట్టుకుంటున్న కుటుంబాల్లో ఈమధ్య ఒక మాట తరచూ వినిపిస్తోంది. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, మేమిక్కడ జియోథర్మల్ పెట్టించుకున్నాం, బిల్లు బాగా తగ్గింది. మీరూ పునాదులు తీసేటప్పుడే పైపులు వేయించెయ్యండి, తర్వాతైతే కష్టం" అంటాడు. అబ్బాయి చెప్పింది నిజమే. నేలలోకి దించిన పైపుల ద్వారా ఇంటి వేడిని మట్టిలోకి పంపే, చలికాలంలో మట్టి వేడిని ఇంట్లోకి తెచ్చే ఆ పద్ధతి అక్కడ బాగా పనిచేస్తుంది. కానీ అక్కడి నేల వేరు, మన నేల వేరు. బోర్లు వేసి, పైన ఇల్లు లేపాక ఆ డబ్బు వెనక్కి రాదు కాబట్టి ఆ తేడా ఏమిటో ముందే అంకెలతో చూసుకోవాలి.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. డెల్టాలో మామూలు కుటుంబం ఉండే ఇంటికి జియోథర్మల్ సరైన ఖర్చు కాదు. అదే డబ్బులో కొంత భాగం డాబా మీద నీడకి, సోలార్‌కి, మంచి ఇన్వర్టర్ ఏసీకి పెడితే ఇల్లు ఎక్కువ చల్లగా ఉంటుంది, బిల్లు ఎక్కువ తగ్గుతుంది. జియోథర్మల్‌కి అర్థం ఉన్న సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటినీ చెబుతాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. జియోథర్మల్ అనగానే కొందరికి భద్రాచలం దగ్గరి ఉష్ణగుండాలు గుర్తొస్తాయి. మణుగూరు ప్రాంతంలో భూమిలోంచి వేడినీళ్లు ఉబికి వస్తాయి, అక్కడ పగిడేరులో సింగరేణి సంస్థ ఆ వేడితో కరెంటు తీసే 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు కూడా పెట్టింది. అది భూమి లోపలి వేడిని వాడుకోవడం. ఇంటికి పెట్టే హీట్ పంపుకి ఆ వేడితో సంబంధం లేదు. దానికి కావలసింది కొన్ని పదుల మీటర్ల లోతున, ఏడాదంతా పెద్దగా మారకుండా ఉండే మట్టి ఉష్ణోగ్రత మాత్రమే.

పని చేసే తీరు మన ఏసీ లాంటిదే. ఏసీ గదిలోని వేడిని లాగి, గోడ బయట ఉన్న అవుట్‌డోర్ యూనిట్ ద్వారా గాలిలోకి వదులుతుంది. జియోథర్మల్‌లో ఆ అవుట్‌డోర్ యూనిట్ ఉండదు. దాని బదులు బోర్లలో దించిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపుల్లో నీళ్లు తిరుగుతూ ఉంటాయి, వేడిని ఆ నీళ్లు మట్టికి అప్పజెప్పి వస్తాయి. చలిదేశాల్లో శీతాకాలం ఇదే మెషిన్ తిరగబడి, మట్టిలోని వేడిని ఇంట్లోకి తెస్తుంది. వేడిని పారబోసే చోటు ఎంత చల్లగా ఉంటే కంప్రెసర్‌కి అంత తక్కువ పని. అందుకని మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. మన నేల ఎంత చల్లగా ఉంది?

నేల వేడి, రాత్రి గాలి

భూమిలో పది మీటర్లు దాటితే ఎండాకాలం, చలికాలం తేడా దాదాపుగా తెలియదు. అక్కడి ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు గాలికి ఏడాది సగటు ఎంతో సుమారు అంతే ఉంటుంది. దక్షిణ స్వీడన్‌లో అది 8 డిగ్రీల చుట్టూ ఉంటే, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో 10, 12 డిగ్రీలు. కాకినాడలో గాలి ఏడాది సగటే 28 డిగ్రీల దగ్గర. కాబట్టి మన డెల్టాలో బోరు దించితే తగిలే మట్టి 28, 29 డిగ్రీలు. లోతుకి వెళ్లేకొద్దీ వంద మీటర్లకి రెండు మూడు డిగ్రీల చొప్పున ఇంకాస్త పెరుగుతుంది. జనవరి తెల్లవారుజామున బోరు నీళ్లు వెచ్చగా, మే మధ్యాహ్నం అవే నీళ్లు చల్లగా అనిపించడం మనందరికీ అనుభవమే. నీళ్ల వేడి మారలేదు, చుట్టూ ఉన్న గాలి మారింది.

నేల 29 డిగ్రీలు ఉన్నంత మాత్రాన పైపులోంచి మెషిన్‌కి తిరిగొచ్చే నీళ్లు 29లో ఉండవు. వేడి నీళ్లలోంచి మట్టిలోకి పోవాలంటే నీళ్లు మట్టి కంటే వేడిగా ఉండాలి కదా. కొన్ని గంటలు నడిచాక ఆ నీళ్లు 33 నుంచి 36 డిగ్రీలకి చేరతాయని లెక్క వేసుకోవాలి. ఇప్పుడు దీన్ని బయటి గాలితో పోల్చండి. మే నెల మధ్యాహ్నం రెండింటికి రాజమండ్రిలో 41 డిగ్రీలు ఉన్నప్పుడు జియోథర్మల్‌ది స్పష్టంగా పైచేయి. వేడి పారబోసే చోటు ఒక డిగ్రీ చల్లబడితే కంప్రెసర్ కరెంటు సుమారుగా రెండు మూడు శాతం తగ్గుతుంది. ఆరేడు డిగ్రీల తేడాకి పదిహేను, ఇరవై శాతం మిగులుతుంది.

కానీ మన ఇళ్లల్లో ఏసీ ఎప్పుడు నడుస్తుంది? ఎక్కువ ఇళ్లల్లో రాత్రి పదింటికి పడుకునేటప్పుడు వేసి తెల్లవారుజామున ఆపేస్తారు. ఆ వేళ కోనసీమలో బయటి గాలి 28 నుంచి 31 డిగ్రీలు. అంటే అప్పటికి మామూలు స్ప్లిట్ ఏసీ వేడిని పారబోసే గాలి, జియోథర్మల్ పైపులోని నీళ్ల కంటే చల్లగా ఉంది! నీళ్లకి వేడిని అందుకునే గుణం గాలి కంటే మెరుగు కాబట్టి ఆ లోటు కొంత పూడుతుంది. అయితే నీళ్లని బోర్లలో తిప్పే పంపు రాత్రంతా నడవాలి, ఆ కరెంటు ఆ లాభాన్ని చాలావరకు తినేస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా నిర్ణయం తేలికవుతుంది. పగలంతా ఏసీ నడిచే భవనానికి నేల ఉపయోగపడుతుంది. రాత్రి పడకగదికి మాత్రమే ఏసీ వేసుకునే ఇంటికి నేల ఇచ్చేది దాదాపు ఏమీ లేదు.

ఇంకో చిక్కు మెల్లగా బయటపడుతుంది. చలిదేశాల్లో వేసవిలో నేలలోకి పంపిన వేడిని శీతాకాలం మళ్లీ పైకి లాగుతారు. ఖాతా సరిపోతుంది. మనకి ఇల్లు వెచ్చబెట్టుకోవాల్సిన అవసరమే లేదు, సంక్రాంతి చలికి దుప్పటి చాలు. అందువల్ల ప్రతి ఏడాదీ వేడిని పంపడమే తప్ప తీయడం ఉండదు. ఒక లెక్క వేసి చూడండి. మూడు టన్నుల మెషిన్ రోజుకి ఆరు గంటల పూర్తి లోడు చొప్పున 150 రోజులు నడిస్తే నేలలోకి పోయే వేడి, కరెంటు యూనిట్లలో కొలిస్తే, 11,000 యూనిట్లు దాటుతుంది. అయిదు మీటర్ల ఎడంలో 250 అడుగుల బోర్లు మూడు ఉంటే, ఆ వేడి పక్కకి పోయే దారే లేకపోతే వాటి చుట్టూ ఉన్న తడిమట్టి ఏడాదికి రెండున్నర డిగ్రీలకి పైగా వేడెక్కుతుంది. నిజానికి కొంత వేడి పక్కకి పాకిపోతుంది, భూగర్భజలం కదిలితే ఇంకొంత కొట్టుకుపోతుంది. కానీ డెల్టా పళ్లెంలా చదునుగా ఉంటుంది, లోపలి నీళ్ల నడక చాలా నెమ్మది. మొదటి వేసవి బాగా పనిచేసిన సిస్టమ్ నాలుగైదేళ్లకి బిల్లు ఎక్కువ చూపిస్తే కారణం ఇదే అయి ఉంటుంది.

డబ్బు లెక్క

ఏసీ టన్నుకి కనీసం 200 నుంచి 250 అడుగుల బోరు కావాలి, మన వేడి నేలలో ఇంకా ఎక్కువ పట్టవచ్చు. రెండు పడకగదులకి ఒకటిన్నర టన్నుల చొప్పున మూడు టన్నులు అనుకుంటే 600 నుంచి 750 అడుగులు. మీ ఊళ్లో బోరు వేసేవాళ్లని అడుగుకి ఎంతో అడిగి గుణించుకోండి. దానికి పైపులు, బోరుకీ పైపుకీ మధ్య సందు నింపే బెంటోనైట్ బంకమట్టి, పంపు, మెషిన్ కలపండి. మన దగ్గర ఇళ్లకి సరిపోయే చిన్న జియోథర్మల్ మెషిన్లు షాపుల్లో వరసగా పెట్టి అమ్మే సరుకు కాదు. తెప్పించుకోవాలి, రిపేరు వచ్చినప్పుడు దాని పని తెలిసిన మెకానిక్ కోసం వెతుక్కోవాలి.

ఇటువైపు ఆదా ఎంత? మంచి ఇన్వర్టర్ ఏసీ రాత్రి గది చల్లబడ్డాక సగటున 600 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఎనిమిది గంటలకి అయిదు యూనిట్ల లోపు. ఏడాదికి 150 రాత్రులు వాడితే 720 యూనిట్లు. 2022లో మార్చిన కరెంటు చార్జీల స్లాబుల ప్రకారం నెలకి 225 యూనిట్లు దాటాక 400 దాకా వాడే యూనిట్‌కి 8 రూపాయల 75 పైసలు. ఆ రేటుకే అంతా లెక్క కట్టినా గదికి ఏడాదికి 6,300 రూపాయలు, రెండు గదులకి 12,600. జియోథర్మల్ ఇందులో 15 శాతం మిగిల్చిందనుకున్నా ఏడాదికి రెండు వేల లోపే. ఉదారంగా 30 శాతం అనుకున్నా నాలుగు వేలు దాటదు. బోర్ల ఖర్చు ఎన్నేళ్లకి తిరిగొస్తుందో ఎవరికి వారు చూసుకోవచ్చు. ఆ డబ్బుకి వచ్చే బ్యాంకు వడ్డీయే అంతకంటే ఎక్కువ.

నేలలో పైపులు వేసే వేరే పద్ధతులు

బోర్లు ఖరీదని చెప్పి కొందరు చవక దారులు చూపిస్తారు. వాటిలో ఒకటి మాత్రం వెంటనే వద్దనాల్సింది: భూగర్భజలాన్ని తోడి, మెషిన్‌లోంచి పంపి, కాలవలోకో డ్రైనులోకో వదిలేసే పద్ధతి. టన్నుకి నిమిషానికి సుమారు 11 లీటర్లు కావాలి. మూడు టన్నులకి గంటకి రెండు వేల లీటర్లు, రాత్రికి పదహారు వేలు. అయిదుగురున్న కుటుంబానికి రోజంతా ఏడెనిమిది వందల లీటర్లు సరిపోతాయి. ఇరవై ఇళ్ల నీళ్లు ఒక ఇంటి చల్లదనానికి పోతాయన్నమాట.

పోయేది నీళ్లు మాత్రమే కాదు. కోనసీమలోనూ, నరసాపురం, మొగల్తూరు వైపూ చాలా ఊళ్లలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద పలుచటి పొరగా తేలుతూ ఉంటాయి. పై పొరని ఎడాపెడా తోడితే కింది ఉప్పు పైకి ఎక్కుతుంది. ఒకసారి ఎక్కిందంటే పక్కింటివాళ్ల ఫిల్టర్ పాయింట్, వెనక వీధివాళ్ల కొబ్బరిచెట్లు అన్నీ అనుభవించాలి. ఈ ప్రాంతంలో ఎన్నో ఊళ్లు ఇప్పటికే మంచినీళ్ల చెరువు మీదే బతుకుతున్నాయి. ఉన్న కాస్త తీపినీళ్లని ఏసీ కోసం పాడు చేసుకోకూడదని నేను గట్టిగా చెబుతాను. ఇదే కారణంతో, మూసి ఉండే పైపుల పద్ధతిలో కూడా బోరు సందుని అడుగునుంచి పైదాకా బెంటోనైట్‌తో నింపకుండా వదిలేస్తే ఆ సందే ఉప్పునీళ్లకి దారి అవుతుంది. ఇసుక పొరల్లో బోరు గోడ కూలిపోతూ ఉంటుంది కాబట్టి ఈ పని తొందరగా ముగించాలని చూస్తారు, దగ్గరుండి చేయించుకోవాలి. ఏ పద్ధతికైనా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరుకి అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

ఆరడుగుల కందకం తీసి పైపులు పరిచే పద్ధతికి టన్నుకి వంద మీటర్లకి పైగా పైపు, దానికి తగ్గ ఖాళీ జాగా కావాలి. అయిదారు సెంట్ల ఇంటి స్థలంలో కుదరదు. పైగా అంత పైన మట్టి మే నెలలో బాగానే వేడెక్కుతుంది.

చెరువులోనో కాలవలోనో పైపుల చుట్టలు ముంచే ఆలోచన డెల్టాలో అందరికీ వస్తుంది, చుట్టూ నీళ్లే కాబట్టి. కాలవలు వేసవిలో కట్టేస్తారు. పంట కాలవకి నీళ్లు ఆగేదీ, ఇంట్లో ఏసీ కావలసిందీ ఒకే రోజుల్లో. చేపల చెరువులో నీళ్లు ఉంటాయి గానీ మే నెలలో పై నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి, దానికి మీరు ఇంకా వేడి కలిపితే ఆక్సిజన్ తగ్గి చేపకే ముప్పు. చేపల రైతుకి అసలే మే నెలంతా టెన్షన్.

నాలుగో రకం, నేలలో పెద్ద గొట్టం పాతి అందులోంచి బయటి గాలిని ఇంట్లోకి పీల్చడం. గురుగ్రామ్ దగ్గర గువాల్ పహాడీలో ఇంధన పరిశోధనలు చేసే టెరీ సంస్థ కట్టిన రిట్రీట్ భవనంలో ఇది ఉంది, భూమిలో నాలుగు మీటర్ల లోతున సొరంగాలు వేశారు. అక్కడి వేసవి గాలి పొడిగా, 44 డిగ్రీల వేడిలో ఉంటుంది కాబట్టి అది పనికొస్తుంది. మన ఇబ్బంది వేడికంటే ఉక్కపోత. 28 డిగ్రీల గొట్టంలోంచి వచ్చిన గాలిలో తేమ ఏమీ తగ్గదు. వర్షాకాలం నేలనీళ్లు అడుగు రెండడుగుల్లోకి వచ్చే చోట గొట్టంలో నీళ్లు చేరతాయి, బూజు పడుతుంది, ఆ గాలినే పిల్లలు పీలుస్తారు. దీన్ని మన దగ్గర ఎవరికీ చెప్పను.

డబ్బు ఎక్కడ పెడితే ఫలితం ఉంటుంది

పాత మండువా లోగిళ్లలో ఉన్నవాళ్లని అడిగితే చెబుతారు, ఏప్రిల్ దాకా ఫ్యాన్ కూడా అక్కర్లేదని. పెంకుల కింద గాలి ఆడుతుంది, చూరు గోడ మీద ఎండ పడనివ్వదు. డాబా ఇంట్లో స్లాబ్ పగలంతా ఎండ తాగి, రాత్రి పన్నెండింటి దాకా ఆ వేడిని మంచం మీదకి వదులుతుంది. మే మధ్యాహ్నం డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, స్లాబ్ పైభాగం 55, 60 డిగ్రీలకి చేరుతుంది. మీ ఏసీ రాత్రి పోరాడేది బయటి గాలితో కంటే ఎక్కువగా ఈ స్లాబ్‌తోనే. జియోథర్మల్ పెట్టినా ఆ వేడి అంతే ఉంటుంది, దాన్ని లాగి నేలలో పారబోయడానికి డబ్బు కట్టినట్టవుతుంది. అసలు లోపలికి రానివ్వకపోతే లాగాల్సిన పనే తగ్గుతుంది.

అందుకని నా వరసలో మొదటిది డాబా మీద నీడ. దీనికి డెల్టాలో మూడు దారులున్నాయి. తెల్ల కూల్ పెయింటు అన్నిటికంటే చవక. వేసిన మొదటి వేసవిలో గదిలో రెండు మూడు డిగ్రీల తేడా తెలుస్తుంది. కానీ మన వర్షాలకి పాకుడు పట్టి నల్లబడుతుంది, నల్లబడ్డ తెల్లరంగు ఎండని వెనక్కి కొట్టదు. ప్రతి ఫిబ్రవరిలో కడిగి, రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయగలిగినవాళ్లే దీన్ని ఎంచుకోవాలి. తెల్ల పింగాణీ ముక్కలు పరిపిస్తే ఖర్చు ఎక్కువైనా కడిగితే మళ్లీ తెల్లగా వస్తాయి, లీకులూ తగ్గుతాయి. మూడోది డాబా మీద ఎత్తుగా రేకుల షెడ్డు. మన ఊళ్లలో ఇప్పటికే చాలామంది వేయిస్తున్నారు, బట్టలు ఆరేసుకోవడానికి, ధాన్యం పెట్టుకోవడానికి. రేకుకీ స్లాబుకీ మధ్య ఏడెనిమిది అడుగుల ఎడం ఉండి నాలుగు వైపులా గాలి ఆడితే స్లాబ్ మీద ఎండే పడదు. ఒక జాగ్రత్త ఉంది. 1996 నవంబరు తుపాను కోనసీమలో ఏం చేసిందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. స్తంభాలు స్లాబ్‌లోని ఇనుముకి కట్టుబడి ఉండాలి, రేకులు జె బోల్టులతో దగ్గర దగ్గరగా బిగించాలి. తక్కువలో కావాలంటే వేసవి మూడు నెలలకి కొబ్బరాకు పందిరి ఇప్పటికీ మంచి ఉపాయమే, నిప్పురవ్వలు పడకుండా చూసుకుంటే.

పడమటి గోడ రెండోది. ఆ వైపు పడకగది రాకుండా ప్లాను గీయించుకోగలిగితే అంతకు మించింది లేదు. మెట్లు, బాత్రూములు, స్టోరు గది అటు పెట్టించండి. కుదరకపోతే ఆ గోడకి వరండా చూరో, కాస్త దూరంలో వేపచెట్టో.

తర్వాత సోలార్. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మూడు కిలోవాట్లు, ఆ పైన పెట్టుకునే ఇంటికి 78,000 రూపాయల సబ్సిడీ. మూడు కిలోవాట్ల ప్యానెళ్లు మన ఎండలకి రోజుకి సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. పైన లెక్క వేసిన రెండు పడకగదుల ఏసీలు రాత్రికి తీసుకునేది పది లోపే. పగలు తయారైంది నెట్ మీటరు ద్వారా గ్రిడ్‌కి వెళ్లి, రాత్రి వాడుకున్నదానికి సర్దుబాటవుతుంది. సుమారు మూడు వందల చదరపు అడుగుల స్లాబ్‌కి ప్యానెళ్ల నీడ కూడా దక్కుతుంది. జియోథర్మల్ బిల్లులో కొంత కోత పెడుతుంది, ఇది ఏసీ బిల్లంతా మోయగలదు. రెండింటికీ పోలికే లేదు.

కోనసీమలో సోలార్‌కి అడ్డం కొబ్బరిచెట్టు. ఒక్క ఆకు నీడ ప్యానెల్ మీద పడినా కరెంటు బాగా పడిపోతుంది, కాయ పడితే అద్దమే పగులుతుంది. పెట్టించేముందు ఉదయం తొమ్మిదికీ, మధ్యాహ్నం మూడుకీ డాబా మీద నీడలు ఎక్కడ పడుతున్నాయో డిసెంబరులో కూడా చూసుకోండి, అప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు.

ఏసీ ఎంచుకోవడం

స్టార్ల సంఖ్య కంటే లేబుల్ మీద ఉన్న ఐఎస్ఈఈఆర్ అంకె చూడండి, ఏడాది మొత్తానికి ఏసీ కరెంటుని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పేది అదే. ఎక్కువ ఉంటే మంచిది. ఆ అంకెని బయటి గాలి 24 నుంచి 43 డిగ్రీల దాకా మారుతుందనీ, ఏడాదికి 1,600 గంటలు నడుస్తుందనీ లెక్కలోకి తీసుకుని ఇస్తారు. కాబట్టి మన వాతావరణానికి అది బాగానే సరిపోతుంది. నీడ ఉన్న 120 చదరపు అడుగుల గదికి టన్ను చాలు, అవసరం లేని ఒకటిన్నర టన్నులు అంటగట్టనివ్వకండి. పెద్ద మెషిన్ గదిని త్వరగా చల్లబరిచి నెమ్మదిస్తుంది, తేమ లాగే సమయం దానికి దొరకదు. మన ఉక్కపోతకి తేమ పోవడమే సగం హాయి. 26లో పెట్టి ఫ్యాన్ వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. ఆ ఫ్యాను బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ది అయితే 30 వాట్ల చుట్టూ తీసుకుంటుంది, పాత ఫ్యాను 75 వాట్లు.

సముద్రానికి దగ్గరి ఊళ్లలో, అంతర్వేది, ఓడలరేవు, యానాం, నరసాపురం దిగువన, అవుట్‌డోర్ యూనిట్‌ని ఉప్పుగాలి తినేస్తుంది. జియోథర్మల్‌కి అక్కడ ఉన్న నిజమైన లాభం ఇదే, గాలికి తగిలే యూనిట్ ఉండదు, నేలలోని పైపులు దశాబ్దాలు ఉంటాయి. ఆ లాభాన్ని నేను తక్కువ చేయను. అయినా రాగి కాయిల్, పైన రక్షణ పూత ఉన్న యూనిట్ తీసుకుని, సముద్రపు గాలి సూటిగా తగలని గోడకి పెట్టి, నెలకోసారి మంచినీళ్లతో కడిగిస్తే చాలా ఏళ్లు లాగవచ్చు. యూనిట్ పోయినా మార్చేది ఏసీనే, బోరు కాదు. లంక గ్రామాల్లో ఉన్నవాళ్లు 1986 వరద గుర్తు, 2022 జూలై వరద గుర్తు రెండూ చూసుకుని ఆ ఎత్తుకి పైనే పెట్టించండి. వేసవి సాయంత్రాల్లో ఓల్టేజీ పడిపోయే ఊళ్లలో స్టెబిలైజర్ తప్పనిసరి.

వేడినీళ్ల మాటకొస్తే, దానికోసం కూడా జియోథర్మల్ అక్కర్లేదు. వంద లీటర్ల నీళ్లని 24 డిగ్రీల నుంచి 42కి తేవడానికి గీజర్ రెండు యూనిట్ల కరెంటు తీసుకుంటుంది, మనకి అది కావలసింది డిసెంబరు, జనవరి నెలల్లోనే. మామూలు ఇంటికి గీజర్ చాలు. ఉమ్మడి కుటుంబానికో, లాడ్జికో గాలినుంచి వేడి తీసుకునే హీట్ పంపు హీటర్ బాగుంటుంది. మన గాలి చలికాలంలో కూడా వెచ్చనే కాబట్టి అది ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, బోరుతో పని లేకుండా.

జియోథర్మల్ ఎవరు ఆలోచించవచ్చు

పగలంతా ఏసీ నడిచే భవనాలు, అంటే రాజమండ్రి, భీమవరం లాంటి చోట్ల నర్సింగ్ హోములు, హోటళ్లు, ఆఫీసులు. వీటిలో వేడినీళ్ల అవసరం కూడా ఏడాది పొడుగునా ఉంటే ఇంకా మంచిది, గదుల వేడిని నేలకి పంపేబదులు ముందు నీళ్లకి ఇచ్చేయవచ్చు, నేల మీద భారం తగ్గుతుంది. వీళ్లకి కూడా జియోథర్మల్‌ని స్ప్లిట్ ఏసీతో కాదు, వేడి నీళ్లని జల్లి గాలితో చల్లబరిచే కూలింగ్ టవర్‌తో పోల్చి చూడమంటాను. డెల్టాలో ఉక్కపోత రోజుల్లో కూడా కూలింగ్ టవర్ నీళ్లని 31, 32 డిగ్రీలకి దించగలదు. బోర్లు ఇచ్చేది దానికంటే ఎక్కువ వేడి నీళ్లే. టవర్‌కి నీళ్లు ఖర్చవుతాయి, ఉప్పు, సున్నం పేరుకుంటాయి, మనిషి చూసుకోవాలి. మంచినీళ్లు దొరకని చోట మాత్రమే బోర్ల వైపు తూగుతుంది.

ఇళ్లల్లో అయితే, అరెకరం తోటలో కట్టుకున్న పెద్ద ఇల్లు, ఇంట్లో మంచానపడ్డ పెద్దవాళ్లకోసం పగలూ రాత్రీ ఏసీ, సముద్రం దగ్గర, డబ్బు తిరిగిరావాలన్న పట్టింపు లేదు. ఇవన్నీ కలిస్తే ఆలోచించవచ్చు. అప్పుడు కూడా మీ దగ్గరకి వచ్చిన కంపెనీని కొన్ని విషయాలు అడగండి.

నేల ఉష్ణోగ్రత ఎంత అనుకుని లెక్క వేశారో మొదట అడగండి. 15 అనో 20 అనో చెబితే అది వేరే దేశం పుస్తకంలోని అంకె, అక్కడితో మాట ముగించండి. మీ స్థలంలోనే ఒక పరీక్ష బోరు వేసి, రెండు రోజులపాటు వేడినీళ్లు తిప్పి మట్టి ఎంత వేడిని తీసుకుంటుందో కొలిచాకే మిగతా బోర్ల సంఖ్య చెప్పాలి. పదో వేసవిలో మెషిన్‌కి వచ్చే నీళ్లు ఎన్ని డిగ్రీలు ఉంటాయో కాగితం మీద రాసివ్వాలి, అది 35 దాటకూడదు. బోర్ల మధ్య కనీసం ఆరు మీటర్లు ఉండాలి. పైపు అతుకులు వేడితో కరిగించి అతికించినవే కావాలి, మట్టి కప్పేముందు మీ కళ్లముందే ఒత్తిడి పరీక్ష చేయాలి. పంపు, మెషిన్ గది వరద మట్టానికి పైన ఉండాలి. చివరిగా, మే నెలలో పంపు ఆగిపోతే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, ఎక్కణ్ణుంచి వస్తాడు అన్నది ఒప్పందంలో రాయించుకోండి. హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రావాలంటే, ఆ రెండు రాత్రులకోసం పెద్దవాళ్ల గదిలో ఒక మామూలు స్ప్లిట్ ఏసీకి ముందే పాయింటు పెట్టించి ఉంచండి.